పొగమంచులోకి ఊపిన తువ్వాలు

మేమిద్దరం ఎక్కాలనుకున్న తుని దగ్గరి కొండని, నా భార్య పోయాక వచ్చిన చలికాలంలో ఒక్కణ్ణే ఎక్కాను. దారిలో ఒక ముసలాయన కలిశాడు. కాకినాడ వైపు జాలరి. చలికి చెవుల మీదుగా తువ్వాలు చుట్టుకున్నాడు.

"నీళ్ళలో జారితే ఈదొచ్చండి. ఇక్కడ జారితే ఏం చెయ్యాలండి బాబూ!" అని నవ్వాడు. "ఒక్కరే వచ్చారేంటండి?"

"ఇద్దరం రావాల్సిందండి," అన్నాను.

పైకి చేరేసరికి సముద్రం కనపడలేదు. అంతా పొగమంచు.

"పడవలోంచి ఈ కొండని గుర్తు పెట్టుకునే ఇంటికొస్తామండి. మా తమ్ముడు చివరిసారి చేపల వేటకెళ్ళిన రోజు కూడా ఇలాగే మంచు. కొండ కనపడుంటే వచ్చేసేవాడండి."

తువ్వాలు విప్పి, వణుకుతూనే, సముద్రం ఉండే వైపు చాలాసేపు ఊపాడు. తర్వాత ఏమీ అడక్కుండా దాన్ని నా చేతికిచ్చి, పక్కకి జరిగి నిలబడ్డాడు.