నా నాణేల పెట్టె

కొండల్లో జనం దొరల మీద తిరగబడి ఫితూరీ జరుగుతున్న రోజులవి. నర్సీపట్నం నిండా పోలీసులు, దొరలు. మా ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా. తెల్లదొర కనిపిస్తే చాలు, ఆయన నడుము దానంతటదే వంగిపోయేది.

నాకు నాణేల పిచ్చి. అమ్మమ్మ ఇచ్చిన కుంపిణీ కాలపు రాగి డబ్బులతో మొదలైంది. చిన్నప్పుడు తెల్లదొరల రాజుగారి పట్టాభిషేకమని బళ్ళో పంచిన బిళ్ళ నాదే. ఆ తరవాత వాళ్ళు యుద్ధం గెలిచారని తమ్ముడి బళ్ళో ఇచ్చిన బిళ్ళ మాత్రం వాడికి కొబ్బరి లౌజులు పెట్టి పుచ్చుకున్నాను. కొయ్యూరు నుంచి విస్తళ్ళకి అడ్డాకులు తెచ్చే ఆవిడ మెళ్ళో రూపాయల దండలోంచి ఊడిన రాణి బొమ్మ రూపాయి కూడా ఉండేది, కొక్కెం అతికించిన మచ్చతో సహా. చారు పొంగిపోతున్నా వాటిని ముందేసుకుని కూర్చుంటానని అత్తగారు సణిగేవారు.

క్యాంపుకొచ్చిన ఒక దొరకి పాత నాణేలంటే సరదా అట. మా ఆయన నోరు ఊరుకుంటుందా? మా ఇంట్లో బోలెడున్నాయని చెప్పేశారు. ఓ సాయంత్రం ఆ దొర వచ్చి మా అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. నాతో ఒక్క మాటైనా అనకుండా ఈయన నా నాణేల పెట్టె తీసుకెళ్ళి అతని ముందు పెట్టారు. దొర ఒక్కొక్కటే తిప్పి చూసి మెచ్చుకున్నాడు. దొర మెచ్చిన వస్తువు దొరకే చెందాలి, అదీ ఆ కచేరీవాళ్ళ నీతి. మా ఆయన మూతవేసి రెండు చేతులా అందించారు.

నేను తలుపు చాటు నుంచి బయటికొచ్చేశాను.

“అవి నావండి. ఇవ్వను,” అన్నాను.

నేనేమంటున్నానని దొర అడిగినట్టున్నాడు. మా ఆయన తడుముకోకుండా ఇంగ్లీషులో ఏదో చెప్పారు. దొర నాకేసి చూసి టోపీ తీసి, నవ్వి, పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు.

“నేనన్నది ఏటని సెప్పారు?” అని నిలదీశాను.

“సంతోషంగా ఇస్తన్నావని. మరేటి సెప్పమంటావు?” అన్నారు, తాపీగా కాళ్ళు కడుక్కుంటూ.

ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది. దొర లాక్కుపోయి ఉంటే దొంగ అని తిట్టుకునేదాన్ని. ఈయన నా నోటితోనే ఇప్పించారు.

మర్నాడే తమ్ముడి ఇంగ్లీషు వాచకం తెప్పించుకున్నాను. అత్తగారు నవ్వారు, ఆయన కసిరారు. చదువు మీద ప్రేమతో కాదు, ఒట్టి కోపంతో నేర్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి, ఆ నాణేలు నావి, నేను ఇవ్వలేదు అని దొరకి ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి పోస్టులో వేశాను. జవాబు రాలేదు. మా ఆయనకి ఆ ఉత్తరం సంగతి చెప్పలేదు, అందులో నా మాటని ఆయన దిద్దాల్సిందేమీ లేదు.