మళ్ళీ మేడం

ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే ఆఫీసుకి తెలిస్తే తెలుసు. ల్యాబులో అందరికీ ఆవిడ "మళ్ళీ మేడం". కొత్తగా పరిశోధనలో దిగిన పిల్లలు ఏం చేసి చూపించినా, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, "బాగుంది, మళ్ళీ చెయ్యి" అంటుంది. ఆ మాటకి ఏడ్చినవాళ్ళున్నారు, పారిపోయినవాడూ ఉన్నాడు. నిలబడ్డవాళ్ళు మాత్రం పనిమంతులయ్యారు. ఒప్పుకోకపోతే కళ్ళు పోతాయి.

అక్కడ పని మెదడులోని జీన్లతో. చనిపోయినవాళ్ళ మెదడుని ఇంటివాళ్ళు దానమిస్తే, గడ్డకట్టించి దాచి, చిటికెడు ముక్క తీసి, ఏ జీను పనిచేసిందో ఏది ఊరుకుందో చూస్తారు. "పోయినవాళ్ళవెందుకే తల్లీ, ఈ ఇంట్లో బతికున్నవాటికే రిపేరు కావాలి" అంటుంది ఆవిడ అత్తగారు, కొడుకు వైపు చూస్తూ.

పిల్లలకి ఆవిడ చెప్పే మొదటి పాఠం ఇది. "మగాడి ముక్క అని రాసుంటే, ముందు వాడు మగాడో కాదో చూడండి." ఆడవాళ్ళలోనే గట్టిగా పలికే జీను ఒకటుంది. అది మగ ముక్కలో కనబడిందంటే గొట్టాల మీద అంటించిన పేర్ల చీటీలు తారుమారైనట్టే.

ఒక మధ్యాహ్నం, శిక్షణ గడువు ముగియవస్తున్న అమ్మాయి తలుపు పట్టుకుని నిలబడింది. కాసేపట్లో పెద్దల ముందు తన ఫలితం చెప్పాలి. మెచ్చితే ఇక్కడ ఉంటుంది, లేకపోతే సామాను సర్దుకోవడమే.

"మేడం, మన మగాడు మగాడు కాదు."

"ఏమిటే ఆ మాటలు?"

"జబ్బువాళ్ళలో ఒక మగ ముక్క ఆడదని వస్తోంది. జబ్బు లేనివాళ్ళలో ఒక ఆడ ముక్క మగాడని. మొదట్లో కొన్నే చూసి సరే అనుకున్నా. ఇవాళ భయమేసి అన్నీ చూశా. చీటీలు నేనే తప్పు అంటించి ఉంటా."

ఆవిడ వెళ్ళి, చేతి తొడుగులు వేసుకుని, ఫ్రీజరు తెరిచి ఆ రెండు గొట్టాలూ తీసింది. చీటీల మీద వంకర రాత తనదే. ఈ పిల్ల జ్వరంతో రాని రోజు, కొత్తవాళ్ళకి గొప్పగా కబుర్లు చెబుతూ తనే అంటించింది.

"నా రాత నీకు తెలీదూ?"

"తెలుసు. మీరని ఎలా చెప్పను మేడం!"

"నోటితో."

సమావేశంలో అమ్మాయి లేవకముందే ఆవిడ లేచింది. "చీటీలు తారుమారు చేసింది నేను. పట్టుకున్నది ఈ పిల్ల."

విభాగం పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నేర్పేవాళ్ళే ఇలా చేస్తే ఎలాగమ్మా?"

"నేర్పేవాళ్ళవీ చేతులేగా సార్. మెరిసే ఫలితాల బొమ్మలు చూపించేవాళ్ళు మీకు బోలెడుమంది. మీ ముందుకొచ్చే ముందు తన బొమ్మని తనే చింపుకున్న మనిషిని పంపించేస్తానంటే మీ ఇష్టం."

ఆయన అమ్మాయి వైపు తిరిగాడు. "ఇంతకీ నీ ఫలితం నిలుస్తుందా?"

"తెలీదండి. కొత్త ముక్కలు తీసి చూస్తేగానీ చెప్పలేను."

అంతమంది ముందు "తెలీదు" అనడానికి ఎంత గుండె కావాలో ఆయనకీ తెలిసినట్టుంది. కలం తిప్పి తిప్పి, "అయితే ఉండి చూడు" అన్నాడు.

అప్పటినుంచి ఆవిడ అంటించిన ప్రతి చీటీనీ ఆ అమ్మాయి పైకి చదివి వినిపించాలి. అందాకా ఆవిడ మూత బిగించదు. ఎందుకిలా అని కొత్తవాళ్ళడిగితే, అమ్మాయి నోరు తెరిచేలోపే ఆవిడే చెప్పేస్తుంది, "ఒకసారి నేను మగాణ్ణి ఆడదాన్ని చేశాను లెండి."