అటక మీద ఆరిన ఫ్లాపీలు

వంతాల రాజులమ్మ పుట్టింది ముంచింగిపుట్టుకు ఎగువన ఒక కొండ ఊళ్లో. మాచ్‌ఖండ్ కరెంటు తీగలు ఆ ఊరి నెత్తి మీదుగానే పోతాయి గానీ, ఊళ్లో మాత్రం కిరసనాయిలు దీపాలే. తండ్రిని మన్యం జ్వరం తీసుకుపోయింది. తల్లి దేముడమ్మ కొండచీపుళ్లు కోసి, సంతకు మోసి, కూతుర్ని ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివించింది. ఆ తరవాత పాడేరులో ఒకరింట్లో అంట్లు తోముతూ రాజులమ్మ టైపు నేర్చుకుంది.

అడవి సరుకు కొనే సొసైటీ ఒకటి 1988లో ఏజెన్సీలోని తన బ్రాంచీలకు కంప్యూటర్లు పంపింది. ముంచింగిపుట్టు చుట్టుపక్కల టైపు వచ్చిన మనిషి మరొకరు లేరు కనక, ఆ యంత్రం ముందు కూర్చునే పని రాజులమ్మకు దొరికింది. కంప్యూటరు ఉన్నన్నాళ్లే ఉద్యోగం. అది కొండ దిగిందంటే ఆమె పోస్టూ దిగినట్టే. కాగితం చేతికిచ్చిన రోజునే ఆ సంగతి చెప్పారు.

సంతకొచ్చిన ఆడవాళ్లు ఆఫీసు కిటికీలోంచి తొంగిచూసి ఆటపట్టించేవారు.

"ఏటే రాజులూ, ఆ పెట్టెలో బొమ్మలెప్పుడొత్తాయే?"

"బొమ్మలు రావు. లెక్కలు కడతాదిది."

"లెక్కలేనా? సింతపండు బుట్ట కూడా మోసీదయితే బాగున్ను."

మొదటి వానాకాలం ఆమెకు మంచి పాఠం చెప్పింది. ఆఫీసు గోడలు చెమర్చాయి. ఇనప బీరువా లోపల కూడా తుప్పు పట్టింది. అందులో పెట్టిన ఫ్లాపీల మీద తెల్లటి బూజు లేచి, నెల లెక్కలు చదవడానికి లేకుండా పోయాయి. హెడ్డాఫీసు రాజులమ్మకు మెమో ఇచ్చింది. మళ్లీ ఇలా జరిగితే ఊరుకోమని అందులో రాశారు.

మరుసటేడు వానల్లోనే విశాఖపట్నం నుంచి బస్సులో కొత్త ఫ్లాపీలు వచ్చాయి. సొసైటీ కొత్త ప్రోగ్రాం తయారు చేయించింది. అది పాత ఆపరేటింగ్ సిస్టం మీద నడవదు. ముందు ఈ ఫ్లాపీల్లోని కొత్త సిస్టం ఎక్కించాలి, ఆ తరవాతే ప్రోగ్రాం. ప్రోగ్రామరు వచ్చేదాకా వాటిని భద్రపరచాలి. బ్రాంచి మేనేజరు సన్యాసిరావు, గజపతినగరం వైపు మనిషి, ఆ ఫ్లాపీల కవరును పసిపిల్లను అందించినట్టు ఆమె చేతికిచ్చాడు.

"సెమ్మ తగలనిచ్చావంటే నీ ఉద్యోగంతో పాటు నాదీ పోతాది తల్లీ."

రాజులమ్మ బీరువాను నమ్మలేదు. ఆమె ఊళ్లో చెమ్మ తగలకూడని వస్తువు ఏదైనా ఒక్క చోటే ఉంటుంది. పొయ్యి మీది అటక. చోడి విత్తనాలు, ఆనప గింజలు, ఎండబెట్టిన మాంసం అన్నీ అక్కడే. పొగ తగిలినదానికి పురుగు పట్టదు, బూజు పట్టదు. ఆమె కవరును ఇంటికి తీసుకెళ్లింది.

"ఏటే గుంటా ఇయ్యి, ఏ ఇత్తనాలు?" అంది దేముడమ్మ.

"ఇత్తనాలు కావే అమ్మా. కంప్యూటరుయి."

"ఏవైతే ఏటి, మూల పెట్టకు. నానిపోతాయి." అడ్డాకుల్లో చుట్టి, నారతో కట్టి, తల్లే స్వయంగా విత్తనాల మూట పక్కన వేలాడదీసింది.

ప్రోగ్రామరు సర్వేశ్వరరావు జీపులో దిగేసరికి వానలు ఇంకా కురుస్తూనే ఉన్నాయి. నెలాఖరుకు కొత్త ప్రోగ్రాం నడవని బ్రాంచీల కంప్యూటర్లను మైదానానికి తరలించాలని అప్పటికే నిర్ణయమైపోయింది. అరకులో, రాజవొమ్మంగిలో పని పూర్తి చేసుకుని, ఆఖరున ఇక్కడికి వచ్చాడు.

అతను తన ఫ్లాపీ పెట్టి ఒక చిన్న ఫైలు నడిపించాడు. ప్రోగ్రాం ఎక్కించే ముందు అది యంత్రాన్ని ప్రశ్నలడుగుతుంది. మెమరీ ఎంత, డిస్కులో చోటెంత, ఆపరేటింగ్ సిస్టం ఏ వెర్షన్. ఒక్క జవాబు సరిపోకపోయినా అక్కడితో ఆపేస్తుంది. ఆ ఫైలు రాసింది అతనే. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. వెర్షన్ పాతది, ఇన్‌స్టాల్ చేయడం కుదరదు.

"పాతదని తెలిసిందేగా. మేం పంపిన డిస్కులు తే."

రాజులమ్మ అడ్డాకుల పొట్లం విప్పింది. పొగ వాసన గుప్పుమంది. ఫ్లాపీలు వేడికి అప్పడాల్లా వంకర తిరిగి ఉన్నాయి. సర్వేశ్వరరావు ఒకదాన్ని అరచేతులతో నొక్కి సాపు చేసి డ్రైవులో తోశాడు. డ్రైవు కాసేపు గీరి ఊరుకుంది. రెండోదీ అంతే.

"ఎక్కడ పెట్టావ్ వీటిని?"

"అటక మీద, సార్. పొయ్యి పైన."

అతను తిట్టలేదు. "చెమ్మ తగలనివ్వొద్దని రాశాం. వేడి తగలనివ్వొద్దని రాయాలని మాకు తోచలేదు," అన్నాడు సన్యాసిరావు వైపు చూస్తూ. మళ్లీ డిస్కులు తెప్పించాలంటే నెలాఖరు దాటిపోతుంది.

"ఆ అడిగే ఫైలు మీరు రాసిందే కదా సార్," అంది రాజులమ్మ. "వెర్షను అడిగే లైను తీసెయ్యండి."

"తీసేస్తే ఎక్కుతుంది. కానీ ఒక్కో సరుకుకి ఒక్కో ఫైలు తెరవాలి. ఎక్కువ ఫైళ్లు ఒకేసారి తెరిస్తే ఈ పాత సిస్టం మోయలేదు. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోతుంది."

"ఇప్పుడు సరుకు తక్కువే సార్. ఈలోగా కొత్త డిస్కులు పంపించెయ్యండి. పెట్టె పోతే నేనూ పోతాను."

సన్యాసిరావు కూడా బతిమాలాడు. "మీరు బేగి కానిచ్చీండి బాబూ. ఎవులు సూడొచ్చారు?"

సర్వేశ్వరరావు గడియారం చూసుకున్నాడు. చీకటి పడకముందే ఘాటు రోడ్డు దిగాలి. ఆ లైను తీసేశాడు. ప్రోగ్రాం ఎక్కింది. డిస్కులు వారంలో పంపిస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

డిస్కులు రాలేదు. ఆమె సర్వేశ్వరరావుకు రెండు కార్డులు రాసింది. ఇంతకీ హెడ్డాఫీసు దృష్టిలో ముంచింగిపుట్టులో కొత్త సిస్టం ఉన్నట్టే లెక్క. లేదని ఒప్పుకుని డిస్కులు అడిగితే, ప్రోగ్రాం ఎలా ఎక్కించావని సర్వేశ్వరరావునే నిలదీస్తారు.

పసుపు, పిప్పళ్లు, వలిసెలు వచ్చినంత కాలం పని సాగింది. చింతపండు దిగిన సంతలో అన్ని సరుకులూ ఒక్కసారే వచ్చి పడ్డాయి. మధ్యాహ్నం తెర కదలడం మానేసింది. ఆపి మళ్లీ వేస్తే, సగం రాసిన ఫైళ్లు తెరుచుకోలేదు. ఆ సీజను లెక్కలన్నీ పోయాయి.

విచారణకు హెడ్డాఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. సర్వేశ్వరరావును వెంటబెట్టుకొచ్చాడు. హెడ్డాఫీసు నుంచి తెచ్చిన, మార్చని అసలు ఫ్లాపీ పెట్టి, ప్రశ్నలడిగే ఆ ఫైలును మళ్లీ నడిపించారు. వెర్షన్ పాతదని చెప్పి ఆగిపోయింది.

"ఇది ఒప్పుకోకపోతే ప్రోగ్రాం ఎలా ఎక్కింది?" అన్నాడు అధికారి.

"సారే ఆ లైను తీసేశారండి," అంది రాజులమ్మ. "నేనే అడిగాను."

అధికారి సర్వేశ్వరరావు వైపు తిరిగాడు.

"ఆ లైను పెట్టిందే నేను సార్. నేనెందుకు తీస్తాను?"

వినడానికి సబబుగానే ఉంది. అధికారి మేనేజర్ని అడిగాడు. సన్యాసిరావు పై గుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "నాను ఆ వేళప్పుడు సంతలో ఉన్నానండి. నాకేటి తెలుస్తాది."

లైను తీసిన రోజు సన్యాసిరావుకీ, సర్వేశ్వరరావుకీ టీ పోసింది రాజులమ్మే. ఆ మాట చెప్పబోయింది. అధికారి అప్పటికే కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

కంప్యూటరును గోనెసంచుల్లో చుట్టి జీపెక్కించారు. ఆమెను తొలగిస్తున్నట్టు ఉత్తర్వు అక్కడికక్కడే తయారు కావాలన్నాడు అధికారి. బ్రాంచిలో టైపు వచ్చింది ఆమె ఒక్కదానికే. సన్యాసిరావు మూల ఉన్న పాత టైపు మిషను తెచ్చి ఆమె ముందు పెట్టి, ఇంగ్లీషులో రాసిన చిత్తుప్రతి పక్కన పరిచాడు.

తన పేరు వచ్చిన చోట రాజులమ్మ ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది.

"కార్బను పెట్టావా తల్లీ?" అన్నాడు సన్యాసిరావు. "రెండు కాపీలు కావాలి."

ఆమె కాగితాలు బయటికి లాగి, మధ్యలో కార్బను పెట్టి, మళ్లీ మొదటి నుంచి కొట్టింది.