కౌన్సిలర్ కావాలని వెళ్ళి పేషెంటునయ్యాను

ఆ రోజు క్లాసులో నా సెమినార్. కాసేపు మాట్లాడి కూర్చోవాల్సిన దాన్ని పీరియడంతా మాట్లాడాను. గంట కొట్టాక కూడా ఆపలేదు. తర్వాతి క్లాసు లెక్చరర్ వచ్చి గుమ్మంలో నిలబడితే ఆయన్ని కూడా కూర్చుని వినమన్నాను. చివరికి మా హెచ్‌ఓడీ మేడమ్ లేచి వచ్చి, నా చేతిలోని మార్కర్ తీసుకుని "సాకు, కూత్కో" అని కన్నడలో మెల్లగా అన్నారు. చాలు, కూర్చో అని. నాకు ఒళ్ళు మండింది. ఈ కాలేజీలో నా అంత బాగా చెప్పేవాళ్ళు ఎవరున్నారని అనుకున్నాను. నాకేదో అయిందని ఆ పూట క్లాసులో అందరికీ అర్థమైంది, నాకు తప్ప.

నా పేరు సువర్ణ. మాది బళ్ళారి జిల్లా సండూరు తాలూకా తారానగర్. నాయన మైన్స్ లారీ నడుపుతాడు. మా వైపు చాలా ఇళ్ళలో తెలుగే మాట్లాడతాం, గడప దాటితే కన్నడ. సంతలో బేరానికి, ఆఫీసులో పనికి ఆ కన్నడ సరిపోతుంది. మా పెద్దమ్మకు భర్త పోయాక తిండి, నిద్ర లేకుండా పోతే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడి కౌన్సిలర్ ఎంతో ఓపికగా కన్నడలో అడిగింది. పెద్దమ్మ అన్నింటికీ "పరవాగిల్ల" అని ఒక్కటే జవాబు చెప్పింది. ఫర్వాలేదట! ఇంటికొచ్చి గడప మీద కూర్చుని మాత్రం తెలుగులో వెక్కి వెక్కి ఏడ్చింది. తెలుగులో చెప్పుకుంటే వినే కౌన్సిలర్ మా జిల్లాలో ఒకరుండాలని, అది నేనే కావాలని అప్పుడు అనుకున్నాను. బళ్ళారిలో ఎమ్మెస్సీ సైకాలజీలో చేరాను. అది పూర్తయ్యాక ఆస్పత్రిలో శిక్షణ పొంది రిజిస్ట్రేషన్ తెచ్చుకుంటేనే లైసెన్సు ఉన్న కౌన్సిలర్ అనిపించుకుంటాం. అంతదాకా చదవాలన్నది నా పట్టుదల.

సెమినార్‌కు కొన్నాళ్ళ ముందు నుంచే నాకు నిద్ర తగ్గింది. అలసట మాత్రం లేదు. హాస్టల్లో అందరూ పడుకుంటే నేను చదువుతూనే ఉండేదాన్ని. పుస్తకాలు ఒక్కసారి చదివితే చాలు, అర్థమైపోయేవి. ఫోన్లో ఈ మాట చెబితే నాయన పొంగిపోయాడు. సండూరులో లారీలు ఆగే టీ అంగడి దగ్గర కనిపించిన వాళ్ళకల్లా చెప్పుకున్నాడట: "మా పాప నిద్దర కూడా పోదప్పా! చదువే చదువు. పెద్ద డాక్టరమ్మ అయితాది సూడు." అమ్మ వేరుశనగ ఉండలు చేసి పంపింది. మా ఇంట్లో కాలేజీ గేటు దాటిన మొదటి మనిషిని నేనే. నిద్రపోకుండా చదివే పిల్లను చూసి ఎవరు మాత్రం అనుమానపడతారు?

ఇంకో తమాషా. ఆ వారం మా క్లాసులో జరుగుతున్న పాఠం మూడ్ డిజార్డర్స్, అంటే మనసు మరీ పొంగిపోయే, మరీ కుంగిపోయే జబ్బులు. నిద్ర అవసరం తగ్గడం, ఆగకుండా మాట్లాడటం, తనంతటివాళ్ళు లేరనుకోవడం, ఈ మేనియా లక్షణాలన్నీ నాకు కంఠతా వచ్చు. పరీక్షలో రాయడానికే అనుకున్నానేమో, ఒక్కటీ నాకు వర్తిస్తుందని తోచలేదు.

ఆ శనివారం ఇంటికి బయల్దేరాను. తోరణగల్లులో బస్సు మారాలి. అక్కడ షిఫ్టు దిగిన వాళ్ళను ఎక్కించుకుని ఫ్యాక్టరీ బస్సు ఒకటి ఆగి ఉంది. నేను అందులోకి ఎక్కేశాను. డ్రైవర్ పక్కన నిలబడి, "మీ అందరికీ బాధలున్నాయని నాకు తెలుసు. ఒక్కొక్కరే చెప్పండి, నేను తీరుస్తాను" అని గట్టిగా మొదలుపెట్టాను. మొదట నవ్వారు. నేను ఆపకపోయేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఒకరిద్దరు ఫోన్లు పైకెత్తి వీడియో తీశారు. ముందు సీట్లో ఉన్న ఒక పెద్దాయన లేచి, తన చోటు నాకిచ్చి, నీళ్ళ బాటిల్ మూత తీసి చేతిలో పెట్టాడు. "ముందు నువ్వు కూచో తల్లీ. నీళ్ళు తాగు. మా కతలు తర్వాత చెప్తాం. మీ నాయన నంబరు చెప్పు" అన్నాడు. నాయన లారీ వేసుకుని వచ్చేదాకా ఆయన తన బస్సు వదులుకుని నా పక్కనే ఉన్నాడు. ఆయన పేరు కూడా అడగలేదు నేను. వీడియో మాత్రం నాకంటే ముందే మా ఊరి వాట్సాప్ గ్రూపుకు చేరింది.

గాలి సోకిందని, అమ్మవారి గుడికి తీసుకుపొమ్మని చుట్టాలు అన్నారు. నాయన ఒక్క మాట అన్నాడు: "గుడికి తర్వాత పోదాం. ముందు ఆస్పత్రికి." ఆ మాటకు నేను ఈ జన్మంతా ఆయనకు రుణపడి ఉంటాను.

బళ్ళారి ఆస్పత్రిలో సైకియాట్రీ డాక్టరు మేడమ్ నన్ను చూసి, నాయన చెప్పినదంతా విని, "ఇది మేనియా. బైపోలార్ డిజార్డర్ అంటారు" అన్నారు. నేను ఊరుకున్నానా? మేనియా అంటే ఏమిటో ఆమెకే పాఠం చెప్పాను. ఆమె అంతా విని, "బాగా చదివావమ్మా. ఇప్పుడు కొంచెం నిద్రపో" అన్నారు. ఇంజెక్షన్ ఇచ్చారు. థైరాయిడ్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, ఈసీజీ అన్నీ చూసి, మనసును నిలకడగా ఉంచే లిథియం మాత్రలు మొదలుపెట్టారు. మా కాలేజీ సీనియర్లు ప్రాక్టికల్స్‌కు వచ్చే వార్డు అదే. ఒకరోజు తెల్ల కోటు వేసుకుని వచ్చిన ఒక సీనియర్ అక్క నన్ను గుర్తుపట్టి, పలకరించాలో లేదో తెలియక పక్క బెడ్ వైపు తిరిగింది. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

మేనియా తగ్గాక ఇంటికి పంపారు. ఆ తర్వాత డిప్రెషన్ వచ్చింది. ఇలా రావచ్చని డాక్టరు ముందే చెప్పారు. చెప్పినంత మాత్రాన తేలికవుతుందా? పొద్దున లేవడమంటేనే భయం. స్నానం పెద్ద పని. బస్సులో నేనన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చేవి. చచ్చిపోతే బాగుండునని చాలాసార్లు అనిపించింది. ఆ మాట అమ్మకు చెప్పాను. అమ్మ అరవలేదు, ఏడవలేదు. "ఈ మాట నాకు చెప్పినావు, మేలు చేసినావు. మళ్ళా అనిపిస్తే మళ్ళా చెప్పు. నేను యాడికీ పోను, ఈడ్నే ఉంటా" అంది. నాయనను అప్పుడే డాక్టరుకు ఫోన్ చేయమంది. నేను ఇప్పటికి ఎన్నో పుస్తకాలు చదివాను. అమ్మ కంటే బాగా ఆ మాట ఎలా చెప్పాలో నాకు ఇంకా తెలియదు.

ఆ ఏడు చదువు పోయింది. కౌన్సిలర్ కావాలన్న ఆశ కూడా పోయిందనుకున్నాను. నాలాంటిది ఇంకొకరికి ఏం చెబుతుందని డాక్టరునే అడిగాను. "షుగర్ ఉన్న డాక్టర్లు షుగర్ పేషెంట్లను చూడట్లేదా? మందు వేసుకో, నిద్రపో, చదువుకో. సరేనా?" అన్నారు. హెచ్‌ఓడీ మేడమ్ కూడా ఫోన్ చేసి, మళ్ళీ చేరమన్నారు. మరుసటి ఏడు జూనియర్ల పక్కన కూర్చుని మొదటి నుంచి చదివాను. వీడియో చూసిన పిల్లలు ఆ క్లాసులో కూడా ఉన్నారు. తల దించుకుని రాసుకునేదాన్ని.

అసలు దెబ్బ వేసవి సెలవుల్లో తగిలింది. మా ఎండల సంగతి చెప్పక్కర్లేదు. ఇంట్లో ఉండగా చేతులు వణకడం మొదలైంది. తర్వాత వాంతులు, విరేచనాలు. నడిస్తే తూలిపోయేదాన్ని, మాట ముద్దగా వచ్చేది. జబ్బు తిరగబెట్టిందని ఇంట్లో అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. నాయన కారు మాట్లాడి బళ్ళారికి తీసుకెళ్ళాడు.

రక్తంలో లిథియం చాలా ఎక్కువైందని తేలింది. "టాక్సిసిటీ" అన్నారు డాక్టరు, మందే ఒంట్లో విషమైందని. మాత్రలు ఎక్కువ మింగానేమోనని అడిగారు. లేదన్నాను. "మరి ఏం తింటోంది? నీళ్ళు తాగుతోందా?" అని అమ్మను అడిగారు.

అమ్మ కాస్త ధైర్యంగానే చెప్పింది. "మాత్రకు కిడ్నీ చూసుకోవల్లని మీరు చెప్పినారు కదా మేడమ్. మా వీధిలో కిడ్నీ పోయినాయనకు ఉప్పు వద్దన్నారు. అందుకే పాపకు సెలవులకు వచ్చినప్పట్నించీ ఉప్పు ఎయ్యలేదు. అది సప్పగా తింటాంటే నాకు ముద్ద దిగక, నేనూ అదే తింటాండా."

డాక్టరు పెన్ను పక్కన పెట్టి అమ్మ వైపు తిరిగారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. "అమ్మా, ఈ మందుకు ఉప్పు మానకూడదు. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే కిడ్నీ లిథియంను బయటికి పంపకుండా దాచుకుంటుంది. అందుకే ఇలా అయింది. మీకు మేం ముందే విడమరిచి చెప్పాల్సింది. మీ తప్పు కాదు."

ఆ ఆఖరి మాట అమ్మ చెవికెక్కలేదు. సెలైన్ ఎక్కుతున్నన్నాళ్ళూ నా కాళ్ళ దగ్గర కూర్చుని, "నా చేతులారా పెట్టినా, నా చేతులారా పెట్టినా" అని నేలను చూస్తూ అనుకునేది. ఎవరు చెప్పినా వినేది కాదు. మందు ఆపి, లెవెల్ దిగాక, తక్కువ మోతాదులో మళ్ళీ మొదలుపెట్టారు. కిడ్నీలకు ఏమీ కాలేదు. చేతి వణుకు కొంచెం మిగిలింది. ఇంటికొచ్చాక అమ్మ చాలాకాలం నాకు వంట చేయడానికి భయపడింది. పొయ్యి దగ్గర నన్ను నిలబెట్టి, "ఇంత ఎయ్యనా? సాలునా?" అని ప్రతి కూరకూ అడిగేది. ఎన్నేళ్ళుగానో కంటితో చూసి ఉప్పు వేసిన మనిషి, చెంచా పట్టుకుని నన్ను అడుగుతుంటే, ఆ చెంచా తీసుకుని నేనే వేసేదాన్ని. ఆ జబ్బు నా చదువులో ఒక ఏడే తీసుకుంది, అమ్మ చేతి ధైర్యాన్ని మాత్రం పూర్తిగా తీసుకుపోయింది.

రెండో ఏడు ప్రాక్టికల్స్‌కు అదే వార్డులో వేశారు. కోటు వేసుకుని లోపలికి వెళ్ళాను. వార్డు ఆయా నన్ను చూసి, "ఆ కిటికీ కాడ పండుకున్న పాప కదా నువ్వు?" అని అందరిముందూ అనేసింది. అవునన్నాను. ఆ కిటికీ పక్క బెడ్ మీద అప్పుడు ఒక పొలం కూలి చేసుకునే ఆమె ఉంది. ఎవరితోనూ మాట్లాడటం లేదని కేస్ షీట్లో రాశారు. ఆయా మాట విని ఆమె నావైపు తిరిగింది. "నువ్వూ ఈడ్నే పండుకున్యావా?" అంది తెలుగులో. "ఈడ్నే" అన్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆమె చాలాసేపు మాట్లాడింది, నేను విన్నాను. బయటికొచ్చి వరండాలో ఏడ్చాను.

ఎమ్మెస్సీ పాసయ్యాను, ఫస్ట్ క్లాసులో. ఇప్పుడు రిజిస్ట్రేషన్ కోసం శిక్షణలో ఉన్నాను. రోజూ రాత్రి లిథియం, దానివల్ల మందగించిన థైరాయిడ్‌కు పొద్దున ఇంకో మాత్ర. కొన్ని నెలలకోసారి రక్తపరీక్ష. మూడేళ్ళుగా నాకు మేనియా రాలేదు.

ఫలితాలు వచ్చిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. ఫోన్లో నంబరు చూసుకుని వాకిట్లోనే ఎగిరాను. గట్టిగా నవ్వాను, అమ్మను పట్టుకుని తిప్పాను. అమ్మ నవ్వలేదు. నా కళ్ళల్లోకి చూస్తూ, "రాత్రి నిద్దర పోయినావా పాపా?" అంది. నాయన ఈసారి టీ అంగడికి పోలేదు. పెరట్లోకి వెళ్ళి ఫోన్ చేశాడు. లారీ మోతకు చెవులు మందగించి ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడతాడు కాబట్టి నాకంతా వినిపించింది.

"మేడమ్, మా పాప పాసయింది. అప్పట్నించి నవ్వుతానే ఉండాది. ఎగురుతాంది. ఆడికి తోలుకొని రావల్లనా?"

డాక్టరు నిద్ర గురించి, మాటల గురించి అడిగారు. అన్నీ విని, "పాసైతే నవ్వకుండా ఎలా ఉంటుందండీ? నవ్వనివ్వండి. మీరూ నవ్వండి" అన్నారు. నాయన సరే మేడమ్, సరే మేడమ్ అంటూ ఫోన్ పెట్టేసి, అక్కడే తొట్టి గట్టు మీద కూర్చుని కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. నేను దగ్గరికి వెళ్ళలేదు. ఈ జబ్బు నా సంతోషాన్ని నమ్మే శక్తి వాళ్ళలో లేకుండా చేసిందని నాకు ఆ రోజు తెలిసింది. ఆ రోజు వచ్చినంత ఏడుపు డిప్రెషన్లో కూడా నాకు రాలేదు.

ఈ జబ్బు ఉన్న ఇళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మనిషి కుదురుగా ఉన్నప్పుడే అందరూ డాక్టరు ఎదుట కూర్చోండి. ఏది మామూలు సంతోషమో, ఏది జబ్బు మొదలవడమో, ఏం తినాలో, ఏది మానకూడదో, ఎప్పుడు ఫోన్ చేయాలో విడమరిచి అడిగి, అందరూ ఒకే మాట అనుకోండి. మేం ఆ పని ఆలస్యంగా చేశాం. అయినా భయం ఇంకా పూర్తిగా పోలేదు. అందుకని ఇంట్లో నాకు నవ్వు వచ్చినప్పుడు, "రాత్రి బాగా నిద్రపోయానమ్మా" అని ముందు చెప్పి, తర్వాత నవ్వుతాను.