చిక్కుడు పందిరి మీద నేను చంపిన పురుగులు

మా చిన్నప్పుడు సైనిక్‌పురిలో మా పెరటి చిక్కుడు పందిరికి ఒక ఏడు పేను పట్టింది... లేత చివుళ్ల నిండా నల్లగా, ముట్టుకుంటే బంక.

చర్చిలో కోతల పండుగకు మూడు వారాలు కూడా లేవు. తొలికాపు బుట్ట తెస్తానని అమ్మ సంఘంలో అందరి ముందూ చెప్పేసింది. కొన్న కాయలు పట్టుకెళ్లే మనిషి కాదు.

పురుగులేరే పని నాకు అప్పజెప్పింది. పేను మధ్యలో గోధుమరంగువి కొన్ని తిరిగేవి... బియ్యపు గింజంత, మొసలి పిల్లల్లా, తల అటూ ఇటూ ఆడిస్తూ. దొంగలు ఇవే అనుకున్నాను. రెండు సాయంత్రాల్లో ముప్పై ఏడు ఏరి సబ్బునీళ్ల గిన్నెలో వేశాను. అమ్మ మెచ్చుకుంది.

మూడో రోజుకి పేను ఇంకా పెరిగింది.

పక్కింట్లో రిటైరైన సైన్సు టీచరుగారు ఉండేవారు. గిన్నెలోకి చూసి, పుల్లతో ఒకదాన్ని పైకి తీశారు.

“ఇవి పేనును తినేటివి బిడ్డా. కావలోళ్లనే చంపినవ్.”

అమ్మ నావైపు చూడలేదు. తిట్టినా బాగుండేది... మందు కలిపిన బకెట్ తెచ్చింది.

“జెర ఆగు సుగుణా. మందు కొడితే వీటి గుడ్లు సుత పోతయ్.”

“పండుగ ఆగదు కదా టీచరమ్మా.”

టీచరుగారు ఆకులు తిరగేశారు. ఒకచోట తల్లి పురుగు... గోధుమరంగు రెక్కలు ఇంటికప్పులా మడిచి, వాటి మీద లేసు అల్లినట్టు గీతలు, సన్నటి నూగు. వేలు తగలగానే చచ్చినట్టు రాలిపడింది. నాకు ఏడుపొచ్చింది. అది నటన అన్నారామె. వీటిలోనే పచ్చరకమైతే వెంట్రుకలాంటి కాడ చివర గుడ్డు పెడుతుందట, ఇది నేరుగా ఆకుకే అంటిస్తుందట. వెతికితే తొమ్మిది గుడ్లు దొరికాయి.

అమ్మ బకెట్ కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

బడికి వెళ్లేముందు, వచ్చాక ఆ గుడ్లే చూసేదాన్ని. నాలుగు రోజులు ఏమీ లేదు... పూత మాత్రం రాలుతూనే ఉంది. అయిదో ఉదయం చీమ తలంత పిల్లలు బయటికొచ్చి పేను మీద పడ్డాయి. పండుగ ముందురోజుకి రెండు, ఆకు మడతలో పలచటి పట్టుగూళ్లు కట్టుకున్నాయి. అందులోంచే రెక్కలతో వస్తాయట. అప్పటికి పందిరి సగం ఎండిపోయింది. మిగిలిన సగానికి కాయలు నిలిచాయి.

చర్చిలో గుమ్మడికాయల పక్కన మా బుట్ట అడుగు కూడా నిండలేదు. ఒకావిడ “ఇంతేనా వదినా?” అని నవ్వింది.

“ఇవి మా పాప కాపాడిన కాయలు,” అంది అమ్మ.

ముప్పై ఏడింటి మాట మాత్రం అమ్మ ఎవరికీ చెప్పలేదు... ఎప్పటికీ.

ఇప్పుడు మొక్క మీద ఏది కదిలినా ముందు మందు కొట్టేస్తున్నాం. ఆ గోధుమరంగు రెక్కలు చూసి ఎన్నేళ్లయిందో... మీ పెరట్లో ఎవరికైనా కనిపిస్తున్నాయా?