కిరీటం ఉన్న కోడలు

నా చిన్నప్పుడు మా ఇంటి దేవుళ్ల గోడ మీద ఒక తెల్ల దేవత ఉండేది. వెంకటేశ్వరస్వామికి ఎడమపక్క, మురుగన్‌కు కుడిపక్క, నీలం పట్టు గౌను వేసుకుని, తల మీద రాళ్ల కిరీటంతో నవ్వుతూ నిలబడి ఉండేది. సూళగిరి పక్కన మా ఊరు. మా తాతయ్య ట్రాక్టరు సామాను కోసం ఓసూరుకు పోతే, సామాను దొరకలేదు గానీ అంగడి ఆయన ఓదార్పుగా పాత క్యాలెండరు ఒకటి చేతిలో పెట్టాడట. అందులో ఉన్నది ఐరోపాలో ఏదో మంచుదేశపు రాజకుటుంబం. ఆ సంగతి మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

మా అవ్వకు తెలిసిన శాస్త్రం చిన్నది. గోడ మీద కిరీటం ఉన్నవాళ్లంతా దేవుళ్లు. కాబట్టి ప్రతి శుక్రవారం ఆ తెల్లామెకు కుంకుమ బొట్టు పెట్టి, కనకాంబరాలు తగిలించి, కర్పూరం చూపించేది. బొట్టు మీద బొట్టు పడీ పడీ ఆ నుదురు నిమ్మకాయంత ముందుకు పొడుచుకొచ్చింది. పక్కనే సూటు వేసుకుని బట్టతలతో నిలబడ్డ ఆయనకు మాత్రం ఏమీ దక్కేది కాదు. కిరీటం లేదు కదా, అమ్మవారి గుడి ధర్మకర్త అయి ఉంటాడని మా అవ్వ తీర్మానం. ఒక దేశాన్ని ఏలే రాజు మా ఇంట్లో అట్లా బోడినుదురుతో ఎన్ని శుక్రవారాలు నిలబడ్డాడో.

ఆ ఏడాది మా చిన్నాయన పెళ్లి జరిగి, కావేరిపట్టణం నుంచి మా చిన్నమ్మ కాపురానికి వచ్చింది. వాళ్లది మామిడితోపులు, వరిమళ్లు ఉన్న ఇల్లు. మూడు పూటలా అన్నమే. మాది రాగిముద్ద ఇల్లు. వాళ్లన్నకు ఆ ఊళ్లో చిల్లర అంగడి ఉండేది. పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత అరవ పత్రికలన్నీ చదివేశాకే ఆమె అంగడిలోకి పంపేదట. మా ఇంటికి వచ్చాక కూడా ఉప్పు పొట్లం, మిక్చర్ పొట్లం, చివరికి వక్కపొడి పొట్లం కూడా విప్పి, కాగితం చదును చేసి, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని తెలుగులోకి మార్చి చదివేది. నాకు లోకజ్ఞానమంతా అట్లా నూనె మరకలతోనే అబ్బింది.

అంత చదివిన చిన్నమ్మకు రాగిముద్ద గెలకడం మాత్రం రాలేదు. ఆమె చేసిన ముద్దల్ని రాయకోట గుట్ట మీద పేర్చి ఉంటే ఏ సైన్యమూ ఆ కోట జోలికి వచ్చేది కాదు. పైకి నున్నగా కనిపించేవి. లోపల నిమ్మకాయలంత పిండి ఉండలు. మా కుక్క ఒక ముక్క నోట కరుచుకుని పోయి, కొంచెంసేపు ఆలోచించి, మళ్లీ తెచ్చి మా వాకిట్లోనే పెట్టిపోయింది. మా తాతయ్య సంతోషంగా ఎగతాళి చేసేవాడు.

"ఏమ్మా, ఈ ఉండని మింగేదా, గోలీలాడుకునేదా?"

అందరూ నవ్వేవాళ్లు. చిన్నమ్మ కూడా నవ్వి, దొడ్లోకి పోయి, కళ్లు ఎర్రగా చేసుకుని తిరిగొచ్చేది. వింత ఏమిటంటే, మా అవ్వ ఒక్క మాటా అనేది కాదు, ఒక్క మాటా చెప్పేదీ కాదు. మా వైపు అదొక మర్యాద. కోడలికి వంట నేర్పించబోతే 'మీ అమ్మ నీకేమీ నేర్పలేదు' అని వియ్యపురాలిని తిట్టినట్టే లెక్క. అటు చిన్నమ్మకూ అదే మర్యాద. అత్తను అడిగితే తన తల్లి పరువు పోతుందని భయం. ఇద్దరూ ఒకరినొకరు గౌరవించుకుంటూ ఉంటే, ఇంటిల్లిపాదీ ఉండలు నమిలేవాళ్లం.

ఆషాఢం దగ్గరపడింది. కొత్త కోడళ్లు ఆ నెల పుట్టింటికి పోవడం ఆచారం. ఒకరోజు నాకు జడ వేస్తూ చిన్నమ్మ గొంతు తగ్గించి చెప్పింది.

"మా అన్న వస్తాడు పాపా. పోయినాక మళ్లీ వచ్చేది లేదు. ఎవురికీ చెప్పొద్దు."

మా చిన్నాయన మొహం అప్పుడు నాకు గుర్తుకు రాలేదు. ఇకమీదట పొట్లాలు ఎవరు చదువుతారనేదే నా బెంగ. అయినా మాట ఇచ్చాను కాబట్టి నోరు కుట్టేసుకుని తిరిగాను. ఆ రెండు మూడు రోజులు నేను మౌనంగా ఉండటం చూసి, నాకు గాలి సోకిందని మా తాతయ్య వేపమండలు తెప్పించాడు.

ఆ వారం శుక్రవారం అవ్వ కుంకుమ భరిణె పట్టుకుని తెల్ల దేవత ముందు నిలబడింది. ఎట్లాగూ పోయేదాన్నే కదా అనుకుందో ఏమో, చిన్నమ్మ వెనకనుంచి మెల్లగా చెప్పేసింది.

"అత్తా, ఆయమ్మ దేవత కాదు. రాణి. ఆ పక్కన ఉండే బట్టతలాయన పెండ్లాము."

మా తాతయ్య నోట్లో వక్క ఆగిపోయింది. అవ్వ వేలి చివర కుంకుమ అట్లాగే ఉంది. కోడలు దేవతని మనిషిని చేసేసింది, ఇక పెట్టె సర్దిచ్చేస్తారని నేను చిన్నమ్మ కొంగు పట్టుకున్నాను. అవ్వ కిరీటం వైపు చూసింది, ధర్మకర్త వైపు చూసింది.

"అట్లయితే ఈయమ్మ పుట్టిల్లు యాడ?"

చిన్నమ్మ ఇదే ఫొటో వేసిన పొట్లంలో చదివిన కథ చెప్పింది. ఆ రాణి పుట్టింది ఎండలు కాసే వేరే దేశంలో. ఆమెది రాజకుటుంబమేమీ కాదు. ఏదో విందులో ఆ యువరాజు చూసి మనసుపడ్డాడు. పెళ్లై వచ్చాక ఆయన రాజయ్యాడు కాబట్టి ఈమె రాణి అయింది. ఆ దేశంలో మంచు మోకాళ్ల దాకా ఉంటుంది, మధ్యాహ్నానికే చీకటి పడుతుంది, తినేదంతా ఎండబెట్టిన చేప. వాళ్ల మాటలు ఈమెకు రావు. ముందుకు వచ్చి నాలుగు మాటలు మాట్లాడమంటే ఈమె తప్పులు మాట్లాడింది, అందరూ నవ్వినారు. కిరీటం పెట్టుకుని కూడా గదిలోకి పోయి ఏడ్చింది.

మా తాతయ్య ఎందుకో నేల వైపు చూస్తున్నాడు.

"వాళ్లత్త ఏమీ చెప్పియ్యలేదా?" అడిగింది అవ్వ.

"తెలీదత్తా. కాగితం ఆడికే చినిగిపోయింది."

అవ్వ వేలి మీది కుంకుమ తీసుకుపోయి ఆ రాణికి పెట్టనే పెట్టింది.

"దేవత కాకపోతే పోనీలే. ఊరు కాని ఊరు వచ్చిన కోడలు కదమ్మా. మిగిలిన కత నేను చెప్తాను, దా."

చిన్నమ్మ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. నేను వెనకే పోయి గడపలో కూర్చున్నాను. ఎసరు మరుగుతోంది. అవ్వ కథ మొదలుపెట్టింది. ఆ రాణి అత్త కూడా మహారాణే కదా, ఒకరోజు కోడల్ని పిలిచి తెడ్డు చేతికి ఇచ్చింది. మా ఇంటి ముద్ద మీ అమ్మకు యాడ తెలుస్తుంది, అది నేను నేర్పించాల్సిన పని, అంది. పిండి పోసినాక కలపగూడదు. నడిమధ్య తెడ్డు గుచ్చి వదిలేయాల, దానంతట అది ఉడకనియ్యాల. తొందరపడి గెలికితే ఉండ కడుతుంది. ఇట్లా చెబుతూ అవ్వ చిన్నమ్మ చేతుల మీద తన చేతులు వేసి తెడ్డు తిప్పించింది. మంచుదేశపు రాజభవనంలో రాగులు ఎట్లా దొరికినాయని నేను అడిగితే, సూళగిరి సంతనుంచి తెప్పించుకున్నారంది, రెప్ప వేయకుండా.

ఆ మధ్యాహ్నం ముద్ద పట్టులా ఉంది. మా తాతయ్య విరిచి, లోపల వెతికి, ఉండ దొరక్క దిగులుపడ్డాడు.

"ఏమ్మా, నా గోలీలు యాడ?"

ఈసారి చిన్నమ్మ దొడ్లోకి పోలేదు. "అవి రాయకోటకి అమ్మేసినాను మామా," అంది. అవ్వకు పొలమారింది.

ఆషాఢానికి వాళ్లన్న వచ్చి తీసుకుపోయాడు. ఆ నెల నేను రోజూ బస్సుల రోడ్డు వైపే చూస్తూ గడిపాను. నెల తిరగగానే చిన్నమ్మ ఒక మామిడిపండ్ల గంప, ఇంత ఎత్తు పాత పత్రికల కట్ట పట్టుకుని దిగింది. గడప దాటగానే చేసిన మొదటి పని ఏమిటంటే, విభూతి భరిణె తీసుకుని ఆ బట్టతల రాజుకు చిన్న రేఖ పెట్టడం. పాపం, ఆయన మొహం వెలిగిపోయిందని ఒట్టేసి చెప్పగలను.

ఇప్పుడు ఓసూరు ఫ్యాక్టరీలో పనిచేసే మా అబ్బాయి అస్సాం పిల్లను చేసుకున్నాడు. మొన్న ఆ పిల్ల చేసిన ముద్ద చూడగానే నా నోటిదాకా ఒక మంచి జోకు వచ్చింది. నాకు జోకు మింగడం ముద్ద మింగడం కన్నా కష్టం. అయినా మింగేశాను. లేచి పోయి, ఆ పిల్ల చేతుల మీద నా చేతులు వేసి, తెడ్డు నడిమధ్యకు గుచ్చాను. అనగనగా ఒక మంచుదేశంలో ఒక కోడలు, అని మొదలుపెట్టాను. కాగితం ఎక్కడ చినిగిందో నాకు బాగా గుర్తు.