కోరుట్ల హోటల్ల చిటికెడు ఉప్పు

ఐతారం అచ్చిందంటె బస్సెక్కుడే నా పని. పాత హోటళ్ళు, పాత మిఠాయి దుకాణాలు యాడున్నయంటె ఆడికి పోవుడు, తినుడు, మంచిచెడు చెప్పుడు. నా నాల్కె మీద నాకు గంత పొగరు. ఆ పొద్దు జగిత్యాలల జిలేబి ఒక్క ముక్క కొరికి, "నూనె మార్చిన్రు గదా?" అన్న. దుకాణపాయన నోరు తెరిసిండు. "అబ్బ, ఏం నాల్కె సారూ నీది!" ఇగ చూడున్రి, కోరుట్ల దాక ఆ బస్సుల నా అంత మొనగాడు లేడు.

కోరుట్లల ఆ పూరి హోటల్ మా తాత కాలం నాటిది. పొయ్యి కాడ ముసలాయన, వడ్డించేది ఆయన పెండ్లాం. ఆలుకూరకు ఆయన చెయ్యి పడాల్సిందే. ప్లేట్ల పూరి, కూర, ఉల్లిగడ్డ ముక్కలు, వాటి పక్కన చిటికెడు ఉప్పు. ఉల్లిగడ్డకేమో అనుకున్న. అందరు ఆ ఉప్పును కూరల కలుపుకుంటున్రని నేను చూడనే లేదు.

ముసలాయన పొయ్యి కాడికెల్లే ఒక్కొక్కల్ల అడుగుతుండు, "ఎట్లున్నదిరా కూర?"

"మస్తుగున్నది కాకా!"

నా దిక్కు చూసిండు. నేనాగుతనా?

"అంత మంచిగున్నది గని, ఉప్పే లేదు కాకా. ఎయ్యుడు మర్శినవా?"

తినేటోళ్ళంత నా దిక్కు గుడ్లురిమిన్రు. ముసలాయన ఇంత కూర అరచేతిల పోసుకొని నాకిండు. మళ్ళ నాకిండు. పెండ్లాం దిక్కు చూసిండు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. నా పక్క టేబులాయనను అడిగిండు, "నువ్వు చెప్పురా. ఉన్నదా, లేదా?" ఆయన తలకాయ ఎత్తలే.

ముసలాయన గంటె కింద పెట్టి ఎనుక ఇంట్లకు పోయిండు.

ఆ పక్క టేబులాయననే నన్ను బయటికి గుంజిండు. "నీ నోట్ల మన్ను వడ! పెద్ద జెరమచ్చినంక ఆయనకు రుచి తెలుస్తలేదు. ఎక్కువైతదేమోనని ఉప్పు ఏసీ ఎయ్యనట్టు ఏస్తడు. పొయ్యి కాడికెల్లి లేపితె మనిషి దక్కడని అవ్వ మమ్ముల బతిమిలాడింది. రెండేండ్లసంది ఊరంత కలిసి దాసినం గదయ్యా!"

సిగ్గుతోని సచ్చిపోయిన. సిరిసిల్లల సాంచాలు, గదే బట్ట నేసే మరమగ్గాలు, నడిపేటోళ్ళు తాగే పాత చాయ్ హోటల్ చూడాలని ఎన్నొద్దులసందో అనుకున్న. మళ్ళచ్చిన ఐతారం పోయిన గని, చాయ్ ఎట్లున్నదో చూడబుద్ధి కాలే. హోటలాయన "ఎట్లున్నది సార్?" అన్నడో లేదో, "మంచిగున్నది, మంచిగున్నది" అన్న. నరం లేని నాల్కె అంటరు గదా, గిదే.

నెల తర్వాత మాఫీ అడుగుదామని కోరుట్ల పోయిన. పొయ్యి కాడ జీతానికి పెట్టిన మాస్టర్ ఉన్నడు. ముసలాయన గడప కాడ బెంచి మీద కూసున్నడు. నా ప్లేట్ల ఉల్లిగడ్డ పక్కన ఉప్పు లేదు. కూరల సరిగ్గ ఉన్నది.

ముసలాయన నన్ను గుర్తువట్టి దగ్గరికి రమ్మన్నడు. తిట్టినా బాగుండు. చెయ్యి పట్టుకొని మెల్లగ అడిగిండు, "ఈళ్ళెవ్వలు నాకు నిజం చెప్పరు బిడ్డా. నువ్వైతె చెప్తవు. ఉప్పు సరిపోయిందా?"

మాఫీ నోట్లెనే ఉండిపోయింది.

"సరిపోయింది కాకా."

"అయితె ఇగ పొయ్యి కాడ ఆ మాస్టర్నే ఉండనీ," అని నా చెయ్యి ఇడిసిపెట్టిండు.